పెన్‌డ్రైవ్‌లో పాటలన్నీ ఒకే సౌండులో రావాలంటే

నెల్లూరులో ఎవరి పాటల పెన్‌డ్రైవ్ తీసి చూసినా బాలు గారి పేరుతో ఒక ఫోల్డరు కనిపిస్తుంది. 1966లో మొదలుపెట్టి 2020 దాకా పాడిన గొంతు అది. అందులో సినిమా కోసం మోనోలో రికార్డు చేసినవి, గ్రామఫోను రికార్డు నుంచి ఎక్కించినవి, క్యాసెట్టు నుంచి దించినవి, సీడీ నుంచి తీసినవి, నేరుగా కంప్యూటర్లో మిక్స్ చేసినవి అన్నీ కలిసే ఉంటాయి. గొంతు ఒక్కటే, సౌండు మాత్రం ఒక్కటి కాదు. ఆ ఫోల్డర్ని కారులో షఫుల్‌లో పెట్టండి. 1970ల నాటి మెలోడీ సరిగా వినపడక నాబ్ తిప్పి పెంచుతాం. దాని వెనకే 2005 తర్వాతి పాట వస్తుంది, చెవులు అదిరిపోతాయి. హైవే మీద కావలి దాటేలోపు చెయ్యి పదిసార్లు నాబ్ మీదికి పోతుంది.

ఈ తేడా పోగొట్టడం కష్టం కాదు. పాట నాణ్యత రవ్వంత కూడా చెడకుండా చేయొచ్చు. కానీ చాలామంది తప్పు పద్ధతిలో చేసి పాటల్ని పాడుచేసుకుంటున్నారు. సరైన పద్ధతి వివరంగా రాస్తున్నాను.

ముందు తేడా ఎందుకొస్తుందో తెలియాలి. డిజిటల్ ఫైలులో సౌండుకు ఒక పైకప్పు ఉంది. దాన్ని 0 డెసిబెల్ అంటారు, అంతకు మించి ఎక్కడానికి లేదు. పాత పాటలో మృదంగం దెబ్బో, తబలా దెబ్బో ఆ కప్పును ఒక్క క్షణం తాకి కిందికి దిగుతుంది. గొంతు, వయొలిన్లు దానికి చాలా కింద ఉంటాయి. 1990ల మధ్య నుంచి మిక్సింగులో లిమిటర్ల వాడకం బాగా పెరిగింది. లిమిటరు ఎత్తుగా ఉన్న దెబ్బల్ని అణిచి, మిగతాదంతా పైకి లేపుతుంది. పాట మొదలు నుంచి చివరి దాకా కప్పుకు ఆనుకునే నడుస్తుంది. పీకు అంటే పాటలో సౌండు ఎక్కిన అన్నిటికంటే ఎత్తైన చోటు. రెండు ఫైళ్ల పీకూ ఒకటే, 0 డెసిబెల్. చెవికి మాత్రం రెండోది రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది.

అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో 'నార్మలైజ్' నొక్కితే ఈ పని జరగదు. ఆ బటన్ చూసేది పీకును మాత్రమే. రెండు పాటల పీకూ ముందే 0 దగ్గర ఉంటే దానికి చేయడానికి ఏమీ మిగలదు. పైగా ఎంపీ3ని తెరిచి, మార్చి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తే ఇంకోసారి కంప్రెస్ అయి నాణ్యత తగ్గుతుంది. వెయ్యి పాటలకు అలా చేసిన కలెక్షన్లు ఉన్నాయి. వాటిని మళ్లీ మొదటి స్థితికి తెచ్చే దారి లేదు.

కొలవాల్సింది పీకును కాదు, చెవికి తెలిసే గట్టిదనాన్ని. దీనికి 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన పద్ధతి రీప్లేగెయిన్. పాటంతా విశ్లేషించి, చెవికి ఎంత గట్టిగా ఉందో ఒక అంకెలో చెబుతుంది. 89 డెసిబెల్‌ను ప్రమాణంగా పెట్టుకుని, ఈ పాటకు ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది లెక్కగడుతుంది. తర్వాత 2006లో అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ బీఎస్ 1770 అనే కొలత ప్రమాణాన్ని తెచ్చింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు దాని ఆధారంగానే ఆర్128 తెచ్చి, టీవీ, రేడియోలకు మైనస్ 23 లఫ్స్ అని గీత గీశాయి. లఫ్స్ అంటే గట్టిదనాన్ని కొలిచే యూనిట్. ఇప్పటి రీప్లేగెయిన్ సాఫ్ట్‌వేర్లు ఈ కొత్త కొలతనే వాడతాయి, లక్ష్యం మైనస్ 18 లఫ్స్. అది పాత 89కి దాదాపు సమానం.

ఈ కొలత పాటను 400 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. బరువైన లోస్వరాలకు విలువ తగ్గించి, చెవికి సూటిగా తగిలే పైస్వరాలకు కొంచెం పెంచుతుంది. మైనస్ 70 కంటే కింద ఉన్న నిశ్శబ్దాన్ని వదిలేస్తుంది. ఆ తర్వాత సగటు కంటే 10 యూనిట్లు కింద పడిన ముక్కల్నీ లెక్కలోంచి తీసేస్తుంది. కాబట్టి క్యాసెట్టు మొదట్లో ఖాళీగా తిరిగిన 20 సెకన్లు లెక్కను చెడగొట్టవు.

ఒక అపోహ ఇక్కడే పోగొట్టుకోవాలి. ఈ 89 డెసిబెల్ మీ గదిలో వినిపించే సౌండు కాదు. ఫైలులో ఉన్న సిగ్నల్‌కు పెట్టిన గుర్తు అంతే. గదిలో ఎంత వినిపించాలో మీ ఆంప్లిఫయర్ నాబ్ నిర్ణయిస్తుంది. 'మా కారులో 89 చాలడం లేదు, 100 పెట్టొచ్చా' అని అడిగేవాళ్లకు జవాబు: పెట్టకండి, నాబ్ తిప్పండి. నాబ్ ఉన్నది అందుకే.

కొలిచిన అంకెను వాడుకునే దారులు రెండు. మొదటిది, ఫైలు ట్యాగులో రాసిపెట్టడం. సినిమా పేరు, గాయకుడి పేరు ఉన్నచోటే 'ఈ పాటను 9 డెసిబెల్ తగ్గించి వినిపించు' అని ఒక చీటీ ఉంటుంది. పాటను అసలు ముట్టుకోం. ప్లేయరు చీటీ చదివి ఆ మేరకు తగ్గిస్తుంది. రెండోది, ఎంపీ3 ఫైలు లోపలే సౌండు స్థాయిని మార్చేయడం. కంప్యూటర్, మంచి ఫోన్ ప్లేయర్ ఉన్నవాళ్లకు మొదటిదే సరైంది. కారు స్టీరియో, ఆటోలో పెట్టే చిన్న యూఎస్‌బీ ప్లేయరు, బ్లూటూత్ స్పీకరు వెనక ఉండే పెన్‌డ్రైవ్ రంధ్రం, మైకుసెట్టు ఆంప్లిఫయరు సాధారణంగా ఈ చీటీ చదవవు. వాటికి రెండోదే గతి. నా పద్ధతి: అసలు కలెక్షన్‌కు ట్యాగులు మాత్రమే, పెన్‌డ్రైవ్‌కు వేరే కాపీ చేసి ఆ కాపీ లోపల మార్పు. రెండింటినీ కలపొద్దు. కలిపితే ఏమవుతుందో కింద రాశాను.

పని మొదలుపెట్టే ముందు మొత్తం కలెక్షన్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. రెండేసి సార్లు ఉన్న పాటలు తీసేయండి. సినిమా పాటలైతే ఒక సినిమా ఒక ఫోల్డరు, కచేరీ అయితే ఒక కచేరీ ఒక ఫోల్డరు, ఆల్బమ్ పేరు ట్యాగులో నింపి ఉండాలి. ఈ సర్దుబాటు లేకుండా ఆల్బమ్ లెక్క తీస్తే 'తెలియదు' అనే పేరుతో ఉన్న నాలుగు వందల పాటల్నీ సాఫ్ట్‌వేరు ఒకే ఆల్బమ్ అనుకుంటుంది.

విండోస్‌లో దీనికి ఫూబార్ 2000 వాడమంటాను. ఉచితం, తెలుగు లిపిలో పేర్లున్న ఫైళ్లు కూడా చక్కగా తెరుస్తుంది. ఫోల్డర్ని లోపలికి లాగి వదలండి. కంట్రోల్, ఏ నొక్కి అన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి రీప్లేగెయిన్ మెనూ తెరవండి. అక్కడ మూడు రకాల స్కాన్‌లు ఉంటాయి. ఒక్కో ఫైలుకు విడిగా లెక్క తీసేది మొదటిది. ఎంచుకున్నవన్నీ కలిపి ఒకే ఆల్బమ్‌గా చూసేది రెండోది. ట్యాగుల్లో ఉన్న ఆల్బమ్ పేరును బట్టి విడగొట్టి చూసేది మూడోది. సర్దిన కలెక్షన్‌కు మూడోది వాడండి, అది పాట లెక్క, ఆల్బమ్ లెక్క రెండూ ఒకేసారి తీస్తుంది. స్కాన్ అయ్యాక ఒక పట్టిక వస్తుంది. వెంటనే ఒప్పుకోకుండా ఆ అంకెలు ఒకసారి పైనుంచి కింది దాకా చూడండి. కొత్త పాటలకు మైనస్ 7 నుంచి మైనస్ 11 దాకా, పాతవాటికి మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఉంటే మామూలే. ఏదైనా పాటకు ప్లస్ 10 అని వస్తే దాన్ని తెరిచి వినాలి. రికార్డింగే బాగా తక్కువ స్థాయిలో జరిగి ఉంటుంది, లేదా ఫైలు సగంలో తెగిపోయి ఉంటుంది. తృప్తిగా ఉంటే ఫైల్ ట్యాగులు అప్‌డేట్ చేసే బటన్ నొక్కండి.

తర్వాత ప్లేయర్‌కు చీటీ చదవమని చెప్పాలి. చాలామంది ఈ మెట్టు వదిలేసి 'స్కాన్ చేసినా తేడా రాలేదు' అంటారు. ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్ తెరిస్తే రీప్లేగెయిన్ భాగం ఉంటుంది. మోడ్ దగ్గర ట్రాక్ గానీ ఆల్బమ్ గానీ పెట్టాలి. ప్రాసెసింగ్ దగ్గర గెయిన్ (చీటీలోని పెంపు లేదా తగ్గింపు) వర్తింపజేస్తూనే, పీకును బట్టి క్లిప్పింగును, అంటే సౌండు కప్పు దాటి తెగిపోవడాన్ని, ఆపేది ఎంచుకోవాలి. కింద సౌండును అదనంగా పెంచే, తగ్గించే ప్రీఆంప్ జారుడు బటన్లు రెండు ఉంటాయి. ఒకటి స్కాన్ అయిన పాటలకు, దాన్ని 0 దగ్గరే ఉంచండి. రెండోది స్కాన్ కాని పాటలకు, దాన్ని మైనస్ 8 దగ్గర పెట్టండి. లేకపోతే నిన్న కొత్తగా దింపిన పాట ఒక్కటి మిగతావాటి మీద విరుచుకుపడుతుంది.

కంప్యూటర్లో వీఎల్‌సీ వాడేవాళ్లకు ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద రీప్లేగెయిన్ మోడ్ ఉంది. అక్కడే ఇంకో చోట వాల్యూమును నార్మలైజ్ చేసే టిక్కు కూడా కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకండి. అది పాట నడుస్తుండగానే సౌండు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. పల్లవి తగ్గి, చరణం మధ్య నిశ్శబ్దంలో టేపు సొద ఉప్పెనలా పైకి లేస్తుంది. ఆండ్రాయిడ్‌లో పవరాంప్ ఈ ట్యాగుల్ని చదువుతుంది. దానిలోనూ స్కాన్ కాని పాటలకు వేరే ప్రీఆంప్ ఉంది. ఐఫోన్ దారి వేరు. దాని సౌండ్ చెక్ సొంతంగా వేరే ట్యాగు రాసుకుంటుంది, రీప్లేగెయిన్‌ను పట్టించుకోదు. ఓపస్ ఫైళ్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఫార్మాట్ చీటీ మైనస్ 18కి కాదు, మైనస్ 23కి రాస్తారు. అది సరిచూసుకోని ప్లేయర్లలో ఓపస్ పాటలన్నీ మిగతావాటికంటే 5 డెసిబెల్ తక్కువగా వస్తాయి. ఆ పాటల్ని ఎంత స్కాన్ చేసినా ఆ 5 పోదు, ప్లేయరు మార్చాలి.

ఇప్పుడు అసలైన నిర్ణయం: ట్రాకా, ఆల్బమా? ట్రాక్ మోడ్ ప్రతి పాటనూ ఒకే ఎత్తుకు తెస్తుంది. ఆల్బమ్ మోడ్ ఫోల్డర్ మొత్తానికి ఒకే అంకె వాడుతుంది, లోపలి హెచ్చుతగ్గుల్ని అలాగే ఉంచుతుంది. సినిమా పాటలు కలిపి వినేవాళ్లకు ట్రాక్ మోడే. కచేరీకి మాత్రం ఆల్బమ్ మోడ్ తప్పనిసరి. రాగాలాపన ఒక ఫైలు, కీర్తన ఒక ఫైలు, తని ఆవర్తనం ఒక ఫైలుగా విడగొట్టి ఉంటే, ట్రాక్ మోడ్ ఏం చేస్తుందో చూడండి. విద్వాంసుడు గొంతు సన్నగా పెట్టి మంద్రంలో మొదలుపెట్టిన ఆలాపనను మృదంగం, ఘటం పోటీపడే తని ఆవర్తనంతో సమానం చేస్తుంది. గాయకుడు కావాలని తగ్గించిన చోట మనం పెంచినట్టు. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు ఆగకుండా రాగం సాగే చోట సౌండు మెట్టులా మారిపోవడం కూడా తెలుస్తుంది. అది సంగీతానికి చేసే అన్యాయం.

పద్యనాటకాలూ ఇంతే. ఒంగోలు వైపు పల్లెల్లో రాత్రంతా ఆడిన నాటకాన్ని క్యాసెట్ల మీద పట్టి దాచుకున్నవాళ్లు ఉన్నారు. వచనం మామూలు గొంతులో నడుస్తుంది, పద్యం చివర రాగం తీసినప్పుడు హార్మోనియంతో కలిసి గొంతు మైకు పగిలేంత లేస్తుంది. రంగస్థలం మీది ఆ తేడాయే రసం. అంకాలవారీగా ఫైళ్లు చేసి, అన్నీ కలిపి ఒకే ఆల్బమ్‌గా స్కాన్ చేయండి. హరికథలకూ ఇదే మాట, బాలు గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన నెల్లూరు కదా మనది. అయితే ఒక మెలిక ఉంది. క్యాసెట్టు ఒకవైపు ఒకరోజు, రెండోవైపు ఇంకోరోజు వేరే స్థాయిలో ఎక్కించి ఉంటే ఆ తేడా కళాకారుడిది కాదు, ఎక్కించినవాళ్లది. ఆల్బమ్ మోడ్ దాన్నీ భద్రంగా కాపాడుతుంది. అలాంటప్పుడు ముందు రెండు వైపులనూ ట్రాక్ లెక్కతో పోల్చి, తేడా 4 డెసిబెల్ ఉంటే తక్కువ ఉన్నవైపు మొత్తానికి 4 కలిపి, ఆ తర్వాత ఆల్బమ్‌గా స్కాన్ చేయాలి. ఫూబార్ మోడ్‌లో పాటలు వినే వరసను బట్టి తనే ఎంచుకునేది కూడా ఒకటి ఉంది. షఫుల్‌లో ఉంటే ట్రాక్ లెక్క, వరసగా వింటే ఆల్బమ్ లెక్క తీసుకుంటుంది. కచేరీలు, సినిమా పాటలు రెండూ ఉన్న కలెక్షన్‌కు ఇంతకంటే మంచి అమరిక లేదు.

క్లిప్పింగ్ గురించి ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒక పాత వీణ రికార్డింగుకు స్కాన్‌లో ప్లస్ 5 వచ్చింది, పీకు 0.9 అని ఉంది. కప్పు 1.0, పైన చెప్పిన 0 డెసిబెల్‌నే ఇక్కడ ఇలా రాస్తారు. 5 డెసిబెల్ అంటే సిగ్నల్ 1.78 రెట్లు. 0.9ని 1.78తో గుణిస్తే 1.6. కప్పు దాటిన 0.6 తెగిపోతుంది, మీటు పడ్డప్పుడల్లా చిర్రుమనే శబ్దం వస్తుంది. ఈ పాటను సురక్షితంగా పెంచగలిగింది 0.9 డెసిబెల్ మాత్రమే. క్లిప్పింగును ఆపే అమరిక పెట్టి ఉంటే ప్లేయరు అక్కడే ఆగుతుంది, పాట కొంచెం తక్కువగా వినిపిస్తుంది కానీ శుభ్రంగా వినిపిస్తుంది. గట్టివాటిని కిందికి దించడంలో ఏ ప్రమాదమూ లేదు, మెత్తవాటిని పైకి ఎక్కించడంలోనే ప్రమాదమంతా. 89 అనే గీత అంత కిందికి పెట్టింది అందుకే. దాన్ని 92 చేస్తే కొత్త పాటలకు ఏమీ కాదు, అవి 98 నుంచి దిగుతున్నాయి. దెబ్బ తగిలేది పాత పాటలకు, వీణకు, వేణువుకు.

ఇక పెన్‌డ్రైవ్ కాపీ. ఎంపీ3 ఫైలు చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది. ప్రతి ఫ్రేములో 'దీన్ని ఎంత స్థాయిలో వినిపించాలి' అని 0 నుంచి 255 లోపు ఒక అంకె రాసి ఉంటుంది. ఎంపీ3గెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ ఒక్క అంకెనే మారుస్తుంది. పాటను విప్పి మళ్లీ కట్టదు, అందుకే నాణ్యత చెడదు, వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్. 98.4 ఉన్న పాటను 89కి తేవాలంటే 9.4 తగ్గాలి, అది ఆరు మెట్లు దించి 9 తగ్గిస్తుంది, పాట 89.4 దగ్గర ఆగుతుంది. తేడా ఎప్పుడూ ముప్పావు డెసిబెల్ దాటదు, చెవికి తెలియదు.

పాటల కాపీని కంప్యూటర్లోనే వేరే ఫోల్డరులో పెట్టుకోండి, పెన్‌డ్రైవ్ మీద నేరుగా చేస్తే గంటలు పడుతుంది, మధ్యలో ఊడితే ఫైలు పోతుంది. ఎంపీ3గెయిన్ తెరిచి, ఫోల్డర్ని చేర్చి, టార్గెట్ గడిలో 89 ఉందో లేదో చూసుకుని ట్రాక్ అనాలిసిస్ నొక్కండి. ప్రతి పాటకూ ప్రస్తుతం ఎంత ఉంది, ఎంత మారాలి అన్నది వస్తుంది. క్లిప్పింగ్ గడిలో ఎర్రగా గుర్తు కనబడితే భయపడొద్దు, కొత్త పాటల్లో చాలావాటికి ఉంటుంది. ఎంపీ3 విప్పేటప్పుడు పీకులు కప్పును కొంచెం దాటడం వల్ల వచ్చేది అది. 9 డెసిబెల్ తగ్గించాక ఆ దాటిన భాగం మళ్లీ కప్పు కిందికి వస్తుంది, పాట ముందుకంటే కాస్త నున్నగా వినిపిస్తుంది. మిక్సింగులోనే తెగిపోయినవి మాత్రం తిరిగి రావు. తర్వాత ట్రాక్ గెయిన్ నొక్కితే పని అయిపోయినట్టే. మెనూలో ప్రతి ఫైలునూ క్లిప్ కానంత గరిష్ఠానికి పెంచేది ఒకటి ఉంటుంది. అది మళ్లీ పాత పీకు పద్ధతే, వాడొద్దు.

ఎంపీ3గెయిన్‌తో ఒక ఇబ్బంది, తెలుగు లిపిలో ఫైలు పేరు ఉంటే విండోస్‌లో తెరవలేక తప్పు చూపిస్తుంది. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చుకోవాలి. లేదంటే ఫూబార్‌లోని రీప్లేగెయిన్ మెనూలోనే ఫైలు లోపలికి గెయిన్ ఎక్కించే ఆప్షన్ ఉంది, ఎంపీ3కి అది కూడా ఇదే పద్ధతిలో ఫ్రేముల అంకె మారుస్తుంది. ఇంకో ఇబ్బంది, వెనక్కి తిప్పుకోవడానికి అవసరమైన సమాచారాన్ని ఎంపీ3గెయిన్ ఫైలు చివర ఒక ట్యాగులో రాస్తుంది. కొన్ని పాత చిన్న ప్లేయర్లు ఆ ట్యాగును కూడా పాట అనుకుని చివర్లో టక్కుమని శబ్దం చేస్తాయి. పెన్‌డ్రైవ్ కాపీకి వెనక్కి తిప్పే అవసరం లేదు కాబట్టి ఆ ట్యాగును తీసేయొచ్చు.

రెండు పద్ధతులూ కలిపితే వచ్చే చిక్కు ఇది. ముందు ఫూబార్‌లో స్కాన్ చేశారు, ట్యాగులో మైనస్ 9 అని ఉంది. అదే ఫైలును ఎంపీ3గెయిన్‌తో లోపల 9 తగ్గించారు. ట్యాగులోని పాత చీటీ మారలేదు. కారులో బాగానే ఉంటుంది, ఎందుకంటే కారు చీటీ చదవదు. ఫోనులో మాత్రం ప్లేయరు ఇంకో 9 తగ్గిస్తుంది. పాట 80కి పడిపోతుంది. 'కొన్ని పాటలు మాత్రమే నీరసంగా వస్తున్నాయి' అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ రెండు కోతలే. కాపీ మీద పని మొదలుపెట్టే ముందు ఆ కాపీలోని రీప్లేగెయిన్ ట్యాగుల్ని చెరిపేయడమే మందు.

పాత రికార్డింగులతో ఇంకో రకం మోసం ఉంది. క్యాసెట్టు ప్లేయరు నుంచి ఒకే తీగ కలిసి, సౌండు ఎడమవైపు మాత్రమే ఎక్కిన ఫైళ్లు ఇళ్లలో చాలా ఉన్నాయి. కొలత రెండు చానళ్ల శక్తినీ కలిపి చూస్తుంది. ఒకవైపే సౌండు ఉంటే 3 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది, ఆ మేరకు ఎక్కువ పెంచుతుంది. ఇయర్‌ఫోన్లలో ఒక చెవి మోగిపోతుంది. అలాంటివాటిని ముందు ఆడసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో తెరిచి, సౌండు ఉన్న చానల్‌ను మాత్రం ఉంచి మోనో చేసి, నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫార్మాట్‌లో సేవ్ చేసి, తర్వాతే స్కాన్ చేయాలి. ఆడసిటీలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడేవాళ్లు మోనోను రెండు చానళ్ల మోనోగా లెక్కించే టిక్కు పెట్టారో లేదో చూసుకోండి. కొత్తగా క్యాసెట్లు ఎక్కించేవాళ్లు పీకు మైనస్ 6 దాటకుండా రికార్డు చేస్తే చాలు. స్థాయి తర్వాత సరిచేసుకోవచ్చు, తెగిన పీకును ఎవరూ అతికించలేరు. పాత టేపును 6 డెసిబెల్ పెంచితే సొద కూడా 6 పెరుగుతుందని మరవొద్దు.

గంటసేపు ఏకబిగిన సాగే నాన్‌స్టాప్ ఫైళ్లకు ఏ స్కానూ పనికిరాదు. ఫైలు ఒక్కటే కాబట్టి అంకె ఒక్కటే, లోపలి పదిహేను పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. ఎంపీ3డైరెక్ట్‌కట్ అనే చిన్న సాఫ్ట్‌వేరుతో దాన్ని నాణ్యత పోకుండా పాటలుగా కోయొచ్చు. కోయడం ఇష్టం లేకపోతే కావలసిన భాగాన్ని మాత్రం ఎంచుకుని 1.5 డెసిబెల్ మెట్లలో దించొచ్చు కూడా.

మైకుసెట్లు నడిపేవాళ్లు ఈ పని తప్పక చేసుకోవాలి. వాళ్లకు ఇది వినసొంపు ఒక్కటే కాదు, డబ్బు కూడా. సౌండు 3 డెసిబెల్ పెరిగితే ఆంప్లిఫయరు ఇవ్వాల్సిన పవరు రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మీది గొట్టం మైకులో 86 ఉన్న పాత భక్తిగీతం ఊరంతా వినబడేలా నాబ్ పెట్టారనుకోండి. ఆ వెనకే 98 ఉన్న కొత్త పాట వచ్చింది. తేడా 12 డెసిబెల్, అంటే పవరు దాదాపు 16 రెట్లు. 5 వాట్లు పోతున్నచోట ఒక్కసారి 80 వాట్లు అడుగుతుంది. గొట్టం వెనక సౌండు పుట్టించే యూనిట్ 35 వాట్లదైతే దాని కాయిల్ కాలిపోతుంది, ఆంప్లిఫయరు అంత ఇవ్వలేకపోతే తెగిన సిగ్నల్ పంపి అదీ యూనిట్‌నే తింటుంది. పెన్‌డ్రైవ్ మొత్తాన్ని 89కి తెచ్చుకుంటే పాట మారినప్పుడు యూనిట్ మీద ఈ దెబ్బ పడదు. ఊరికీ మేలే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్. ఆ 55 గాలిలో మీటరుతో కొలిచేది, ఫైలులోని 89తో దానికి పోలిక లేదు. కానీ పాట పాటకూ సౌండు ఎగరకపోతేనే ఆ పరిమితిలో ఉండేలా నాబ్‌ను ఒక్కచోట నిలపగలం.

ఈ పద్ధతి తీర్చలేని అవసరం ఒకటుంది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉన్నప్పుడు ఏరేటర్ల మోత, చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలు ఎక్కించుకుని వచ్చే లారీ క్యాబిన్‌లో ఇంజను మోత ఆగకుండా ఉంటాయి. అక్కడ పాటల సగటు సమానంగా ఉన్నా, ఒకే పాటలోని సన్నని భాగాలు మోతలో మునిగిపోతాయి. అక్కడ కావలసింది పాట లోపలి హెచ్చుతగ్గుల్నే తగ్గించే కంప్రెసరు. వీఎల్‌సీలో ఆడియో ఎఫెక్టుల కింద ఉంది. రేషియో 3 దగ్గర పెట్టి మొదలుపెట్టండి, ఇంటికొచ్చాక ఆపేయండి. దాన్ని ఫైలులోకి శాశ్వతంగా ఎక్కించొద్దు. స్టీరియో మీద లౌడ్‌నెస్ అని ఉండే బటన్‌కు ఈ వ్యవహారంతో సంబంధం లేదు, అది తక్కువ సౌండులో వినేటప్పుడు బేస్ పెంచేది.

అంకెలు ఎంత సరిగా ఉన్నా ఒకటి రెండు పాటలు చెవికి తేడాగానే తోస్తాయి. వేణువుతో నెమ్మదిగా మొదలై, చివర్లో డప్పులు, కోరస్ కలిసి వచ్చే పాటలో సగటును ఆ చివరి భాగం లాగేస్తుంది, మొదలు మరీ సన్నగా వినిపిస్తుంది. అలాంటివాటికి ట్యాగులోని అంకెను చేత్తో 1.5 లేదా 2 మార్చుకోవడం తప్పు కాదు. పీకు అంకె చూసుకుని మార్చండి. మార్చినవాటి పేర్లు ఒక చోట రాసి ఉంచుకోండి, మళ్లీ మొత్తం స్కాన్ చేస్తే మీ మార్పులు చెరిగిపోతాయి. కొత్త పాటలు చేర్చినప్పుడు వాటికోసం వేరే ఒక ఫోల్డరు పెట్టుకుని, స్కాన్ అయ్యాకే అసలు కలెక్షన్‌లోకి పంపండి. ఫూబార్‌లో ఇప్పటికే చీటీ ఉన్న ఫైళ్లను వదిలేసి లేనివాటినే స్కాన్ చేసే ఆప్షన్ ఉంది, దాన్ని టిక్కు పెట్టి ఉంచితే పాత లెక్కల జోలికి పోదు.